అందరికంటే నెమ్మదిగా చదివేవారిని ముందు అడగండి

నెలాఖరు వచ్చేసింది. గ్రూపులో ఎవరో ఒకరు అడగనే అడిగారు: "వచ్చే నెల ఏ పుస్తకం?" అంతే, పది నిమిషాల్లో డజను పేర్లు వచ్చి పడ్డాయి. ఒకరు 'వేయిపడగలు' అన్నారు. ఇంకొకరు నిన్న యూట్యూబ్‌లో ఎవరో పొగిడిన అనువాదం పేరు చెప్పారు. మరొకరు "ఏదైనా సరే, నేను రెడీ" అని బొటనవేలి బొమ్మ పెట్టి మాయమయ్యారు. పోల్ పెట్టారు, ఒక పుస్తకం గెలిచింది. నెల తిరిగాక గూగుల్ మీట్‌లో కలిస్తే చివరిదాకా చదివినవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురూ మాట్లాడుకుంటారు, తక్కినవాళ్లు మైకు ఆపుకుని వింటారు. మీ క్లబ్బులోనూ ఇదే తంతా? అయితే సభ్యులకు శ్రద్ధ లేదని తీర్పు చెప్పే ముందు పుస్తకాన్ని ఎంచుకున్న పద్ధతిని ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. చాలా క్లబ్బుల్లో పొరపాటు చదివే దగ్గర కాదు, ఎంచుకునే దగ్గరే జరుగుతుంది.

మనమంతా "ఏది గొప్ప పుస్తకం?" అన్న ప్రశ్నతో మొదలుపెడతాం. అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది వేరే ఉంది: మనలో అందరికంటే కష్టపడి చదివేది ఎవరు, ఆ మనిషి ఈ నెలలో ఏ పుస్తకాన్ని సంపాదించి పూర్తి చేయగలరు? ఇది జాలితో చెబుతున్న మాట కాదు, లెక్కతో చెబుతున్నది. చర్చ ఎంత బాగా సాగిందన్నది పుస్తకం గొప్పతనం కంటే దాన్ని పూర్తి చేసి వచ్చినవాళ్ల సంఖ్య మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పైగా నెలకొకటి చొప్పున పదేళ్లు చదివినా క్లబ్బు చదివేది 120 పుస్తకాలు. చదవదగ్గ తెలుగు పుస్తకాలు అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి. కాబట్టి ముందు అందుబాటు జల్లెడ పట్టి, మిగిలినవాటిలో మంచిది ఏరుకున్నంత మాత్రాన నాణ్యత తరిగిపోదు. జల్లెడ పట్టకపోతే మాత్రం మనుషులు తరిగిపోతారు.

మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లాలోని ఘుగ్గుస్‌నే తీసుకుందాం. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీ, దగ్గర్లో వార్ధా నది. గనుల్లో పనికని తెలంగాణ నుంచి వెళ్లిన కుటుంబాలు ఆ బొగ్గుబెల్టులో తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడివాళ్లు కలిసి ఒక తెలుగు పుస్తక క్లబ్బు పెట్టుకున్నారని ఊహించండి. అందులో ఎవరెవరుంటారు? ఏడో తరగతి దాకా తెలుగులో చదివి గనిలో చేరి రిటైరైన పెద్దాయన ఒకరు. ఆయనకు తెలుగు మంచినీళ్ల ప్రాయం, కానీ ఫోన్‌లో అక్షరం ఆనదు. ఆయన కూతురు మరాఠీ మీడియంలో చదివింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా పుస్తకం చేతికిస్తే కూడబలుక్కుంటూ చదవాలి. పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఇంగ్లీషులోనే వేగం. మంచిర్యాల నుంచి వచ్చిన కోడలికి నవలల పిచ్చి ఉంది, తీరికే లేదు. ఒకే ఇంట్లో నాలుగు రకాల పాఠకులు! వీళ్లందరికీ కలిపి ఒక పుస్తకం ఎంచాలి. మీ క్లబ్బు హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఈ నలుగురూ ఏదో ఒక రూపంలో మీ గ్రూపులో ఉండే ఉంటారు. ఘుగ్గుస్‌లో వాళ్లు ఎదురుగా కనిపిస్తారు, మీ దగ్గర మైకు ఆపుకుని కూర్చున్నారు, అంతే తేడా.

1. పుస్తకాల జాబితా కంటే ముందు మనుషుల జాబితా రాయండి.

ఒక కాగితం మీద ప్రతి సభ్యుడి పేరుకి ఎదురుగా మూడు సంగతులు రాసుకోండి: ఏ భాషలో హాయిగా చదువుతారు, కాగితమా ఫోనా చెవులా, రోజుకి ఎంత సమయం దొరుకుతుంది. గ్రూపులో బాహాటంగా అడగకండి. "నాకు తెలుగు చదవడం రాదు" అని నలుగురిలో ఒప్పుకోవడం ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది. విడివిడిగా ఫోన్ చేసి అడగండి. ఏడాదికొకసారి ఈ పని చేస్తే చాలు.

2. పేజీలను రోజుల్లోకి మార్చండి.

కూడబలుక్కుని చదివేవారికి ఒక పేజీకి నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. రోజుకి అరగంట కేటాయిస్తే 7 లేదా 8 పేజీలు. నెలకి 30 రోజులున్నా నైట్ షిఫ్టు వారం, ఒక పెళ్లి, పిల్లలకు జ్వరం, పండగ తీసేస్తే చదవడానికి 20 రోజులు మిగిలితే గొప్ప. ఇరవై ఎనిమిదులు 160. అదీ మీ నెల పుస్తకం పరిమాణం. వెయ్యి పేజీలకు అటూ ఇటూగా ఉండే 'వేయిపడగలు' ఈ లెక్కన ఆరు నెలల పని. చదవొద్దనడం లేదు, దాన్ని నెల పుస్తకంగా ప్రకటించడం మాత్రం సభ్యుల్ని ముందే ఓడించడం. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు', ఓల్గా 'విముక్త' లాంటివి ఈ హద్దుకి దగ్గరగా ఉంటాయి. వీటిలో ఏది తక్కువ స్థాయి పుస్తకం? పరీక్షల నెల, పెళ్లిళ్ల నెల వస్తే ఇంకా తగ్గించి ఒక్క కథే పెట్టండి. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. కూర్చున్న పళంగా చదివేయొచ్చు, దాని మీద గంటసేపు వాదించుకోవచ్చు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథే అయినా చర్చకి గంట చాలదు. అన్నట్టు, జూమ్‌లో ఉచితంగా దొరికేది 40 నిమిషాలు, గూగుల్ మీట్‌లో ఇద్దరు దాటితే 60 నిమిషాలు. మాట్లాడుకోవడానికి గంట మాత్రమే ఉన్నప్పుడు ఎనిమిది వందల పేజీల పుస్తకానికి న్యాయం ఎలా చేస్తారు?

3. పుస్తకం ఎలా చేరుతుందో తేలాకే పేరు ప్రకటించండి.

ఎక్కువమంది తేలిగ్గా దాటేసేది ఇదే, ఎక్కువ నెలలు పాడయ్యేదీ దీనివల్లే. తెలుగు పుస్తకాల సంగతి మీకు తెలియంది కాదు. నిరుడు కనిపించిన పుస్తకం ఈ ఏడు "స్టాకు లేదు" అంటారు, మళ్లీ ఎప్పుడు వేస్తారో ప్రచురణకర్తకే తెలియాలి. హైదరాబాద్‌లో ఉన్నవారు సాయంత్రం కోఠీ వెళ్లి పుస్తకం తెచ్చుకుని "అందరికీ దొరికిందా?" అని గ్రూపులో అడుగుతారు. ఘుగ్గుస్‌లో ఉన్నవారికి అదే పుస్తకం పార్సిల్‌లో రావాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. దాంతో సన్నపాటి పుస్తకం ఒక్కటే తెప్పిస్తే పుస్తకం ధరకి పంపే ఖర్చు పోటీ వస్తుంది. మరేం చేయాలి? ఒక నెలకి కాదు, మూడు నెలలకి ఒకేసారి ఎంచుకోండి. మూడు పుస్తకాలు, నాలుగేసి కాపీలు, ఒకే చిరునామాకి ఒకే పార్సిల్. ఊళ్లో ఉన్నవాళ్లు వంతులవారీగా చదువుకుంటారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఏటా డిసెంబరు ప్రాంతంలో జరుగుతుంది. బల్లార్షా నుంచి కాజీపేట మీదుగా హైదరాబాద్‌కి రైళ్లున్నాయి. ఆ రోజుల్లో అటు వెళ్లే సభ్యుడి చేతిలో జాబితా పెడితే వచ్చే ఏడాదిలో సగం పని తీరిపోతుంది. దూరం నిజంగా అడ్డే అయితే అమెరికాలోని డిట్రాయిట్ తెలుగువాళ్లు 1998లో సాహితీ సమితి పెట్టుకుని నెలనెలా తెలుగు పుస్తకం మీద చర్చించుకోగలిగేవాళ్లే కాదు. వాళ్లకి పుస్తకం సముద్రం దాటి రావాలి. ఘుగ్గుస్‌కి వార్ధా దాటితే చాలు.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. పేరు ప్రకటించిన అరగంటలో ఎవరో ఒకరు గ్రూపులో పీడీఎఫ్ పడేస్తారు. రెండు పేజీలు కలిపి స్కాన్ చేసిన ఫైలు. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. వేళ్లతో పెద్దది చేసి, లైను చివరిదాకా కుడికి జరిపి, మళ్లీ ఎడమకి లాక్కొచ్చి చదవాలి. పెద్దాయన పదో పేజీ దగ్గర ఫోన్ పక్కన పెట్టేస్తారు, ఆయన్ని తప్పు పట్టలేం. చదవడానికి పనికిరాకపోవడం ఒక ఎత్తు, బతికున్న రచయిత పొట్ట కొట్టడం ఇంకో ఎత్తు. ఉచితంగానే కావాలంటే న్యాయమైన దారి ఉంది. మన దేశంలో రచయిత జీవించి ఉండగా ప్రచురించిన పుస్తకానికి, ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది. 1915లో మరణించిన గురజాడ, 1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణ, 1961లో మరణించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, వట్టికోట ఆళ్వారుస్వామి, 1962లో మరణించిన గోపీచంద్, వీళ్లు అలా ప్రచురించిన పుస్తకాలు ఇప్పుడు అందరివీ. చలం 1979లో మరణించారు గనుక ఆయన రచనలకి 2039 ఆఖరుదాకా ఆగాలి. కొత్త ముందుమాటలకీ అనువాదాలకీ వేరే హక్కులుంటాయని మాత్రం మరిచిపోకండి. హక్కులు తీరిన పుస్తకమైతే అధ్యాయాలవారీగా చదివి వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోవచ్చు. కోడలు వంటింట్లో పని చేసుకుంటూ వింటుంది, ఆడపడుచు వింటూ పుస్తకంలో వేలు పెట్టి అక్షరాల వెంట వెళుతుంది. హక్కులున్న పుస్తకాలకు దాసుభాషితం లాంటి శ్రవణ పుస్తకాల యాప్‌లున్నాయి, ఎంచుకునే ముందు అక్కడ ఉందేమో చూడండి.

4. రెండు భాషల్లో ఉన్న పుస్తకానికి ముందు వరస ఇవ్వండి.

"ఇంగ్లీషులో చదివి వస్తే అది తెలుగు క్లబ్బెలా అవుతుంది?" అని అడిగేవారు తప్పకుండా ఉంటారు. వారి బాధ అర్థం చేసుకోదగ్గదే. భాషని నిలబెట్టుకోవాలనే కదా క్లబ్బు పెట్టుకున్నది! కానీ భాష నిలబడేది ఎక్కడ? ఒంటరిగా చదివేటప్పుడు కంటే నలుగురితో వాదించేటప్పుడు తెలుగు ఎక్కువ వాడతాం. పుణె అబ్బాయి ఇంగ్లీషులో చదివి వచ్చినా గంటసేపు తెలుగులో తన అభిప్రాయం చెప్పాలి, నాన్నతో విభేదించాలి. ఆ గంట అతనికి ఇంకెక్కడా దొరకదు. కాబట్టి నియమం ఒక్కటే పెట్టండి: చదవడం ఏ భాషలోనైనా సరే, మాట్లాడటం తెలుగులో. వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' చూడండి. రైల్వే పని పట్టుకుని ఊళ్లు మారిన ఒక తెలంగాణ దళిత కుటుంబం కథ. మొదట 2011లో ఇంగ్లీషులోనే వచ్చింది, తెలుగు పుస్తకం పి. సత్యవతి అనువాదం. అంటే ఈ నెల మూలం చదివింది కొడుకు, అనువాదం చదివింది తండ్రి! పని కోసం సొంత ఊరు వదిలిన కుటుంబాలకి ఆ కథలో తమది చాలా కనిపిస్తుంది. కల్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో తెలుగులో వచ్చి, 2010లో ఇంగ్లీషులోకి వెళ్లింది. నిడివి ఎక్కువ కాబట్టి దానికి రెండు నెలలివ్వండి. ఏడాదికొకసారి మరాఠీ కూతురికీ వంతు రావాలి. దయా పవార్ ఆత్మకథ 'బలుతం' 1978లో మరాఠీలో వచ్చింది, 2015లో ఇంగ్లీషులోకి వెళ్లింది. ఆమె మూలం చదివి, నాన్నకి తెలుగులో చెబుతుంది. పదకొండు నెలలు వెనకబడినట్టుండే మనిషి ఆ నెల గ్రూపుకి పెద్ద.

5. పోల్‌ని ఓటుకి వాడకండి, హామీకి వాడండి.

వాట్సాప్ పోల్‌లో 12 పేర్లదాకా పెట్టొచ్చు. పెట్టొచ్చు కదా అని పెట్టేస్తాం. 17 మంది సభ్యులు, 8 పుస్తకాలు అనుకోండి. ఓట్లు చీలి, 4 ఓట్లు వచ్చినది గెలుస్తుంది. అంటే 13 మంది అడగని పుస్తకం అందరి నెత్తినా పడింది. దీన్ని ప్రజాస్వామ్యం అంటారా? పైగా ఓటేసేటప్పుడు మనం చదవాలని కలలుగనే పుస్తకానికి వేస్తాం, చదవగలిగేదానికి కాదు. అందుకే పద్ధతి మార్చండి. పేరు ప్రతిపాదించేవారు ఎన్ని పేజీలో, ఎక్కడ దొరుకుతుందో, ధరెంతో కనుక్కుని చెప్పాలి. ఈ ఒక్క షరతుతోనే సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి. మిగిలిన మూడింటితో పోల్ పెట్టి, ఎన్నింటికైనా టిక్ పెట్టొచ్చని చెప్పి, ప్రశ్న ఇలా రాయండి: "వీటిలో ఏవి నేను నెలలో పూర్తి చేయగలను?" ఎక్కువ టిక్కులు పడ్డదే నెల పుస్తకం. ఓటింగే వద్దు, నెలకొకరు ఎంచుతారనుకున్నా మంచిదే. అమెరికాలో 1996లో టీవీలో మొదలైన ఓప్రా విన్‌ఫ్రీ బుక్ క్లబ్‌లో ఎంపిక ఆమె ఒక్కరిదే, అయినా లక్షలమంది చదివారు. కాకపోతే మీ క్లబ్బులో ఓప్రా ఒక్కరే ఉండకూడదు, వంతు తిరగాలి. వంతు వచ్చినవారు కూడా మొదటి మూడు సూత్రాల హద్దు దాటకూడదు.

6. ఊరిని చూసి పుస్తకాన్ని ఊహించకండి.

"బొగ్గు గనుల ఊరు కదా, బొగ్గు గనుల కథలే పెడదాం" అనిపించడం సహజం. తుమ్మేటి రఘోత్తమరెడ్డి సింగరేణి కథలు, ఎమిల్ జోలా 1885లో ఫ్రెంచి గని కార్మికుల మీద రాసిన 'జెర్మినల్' ఇలా జాబితా తేలిగ్గా తయారవుతుంది. ఏడాదికొకటి పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ ఎనిమిది గంటలు గనిలో ఉండి వచ్చిన మనిషిని రాత్రి పుస్తకంలో కూడా గనిలోకే దించుతామంటే ఎలా? ఆయనకి యద్దనపూడి నవలలో కారు దిగి వచ్చే రాజశేఖరాన్ని చూడాలని ఉండొచ్చు, ఆ సరదా తక్కువదేం కాదు. ఊరి చరిత్రతో సంబంధం కావాలంటే ఇంకో దారి ఉంది. ఘుగ్గుస్‌కి దగ్గర్లోని రాజురా 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. నిజాం కాలపు తెలంగాణ పల్లెను చూపించే వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' అక్కడి పాతతరానికి పరాయి కథ కాదు. వట్టికోట 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మిన మనిషి కూడా. ఏ పుస్తకమైనా ఒక్క పరీక్ష పెట్టండి: దీని గురించి ఇంట్లో ఇద్దరు ఎదురెదురుగా వాదించుకుంటారా? అందరూ "బాగుంది" అని ఊరుకునే పుస్తకం ఎంత గొప్పదైనా చర్చకి పనికిరాదు.

ఇంతా చదివాక ఒక అనుమానం మీకు మిగిలే ఉంటుంది. నెమ్మదిగా చదివేవారిని బట్టి ఎంచుకుంటూ పోతే వేగంగా చదివేవారు విసుగెత్తి వెళ్లిపోరా? పెద్ద పుస్తకాలు ఎప్పటికీ అందని ద్రాక్షే అవుతాయా? ఇది తోసిపుచ్చలేని అభ్యంతరం. వేగంగా చదివేవారికి పని చెప్పండి: అదే రచయితది ఇంకొక పుస్తకం చదివి వచ్చి పది నిమిషాలు చెప్పాలి. ఇక పెద్ద పుస్తకాలకి ఏడాదిలో ఒక రుతువు కేటాయించుకోండి. 'కన్యాశుల్కం' అందుకు అచ్చంగా సరిపోతుంది. 1892లో మొదట ప్రదర్శించిన నాటకం, 1909లో గురజాడ తిరగరాసిన రూపంలో ఏడు అంకాలు. వారానికొక అంకం చొప్పున, పాత్రలు పంచుకుని, వీడియో కాల్‌లో పైకి చదవండి. గిరీశం మాటలు పుణె అబ్బాయికి, మధురవాణి మాటలు కోడలికి. తెలుగు లిపి రానివారికి వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం ఉంది, 1955 నాటి సినిమా కూడా ఉంది. రెండు నెలల్లో తెలుగులో ఒక పెద్ద నాటకం పూర్తవుతుంది, ఒక్కరు కూడా వెనకబడరు. స్థాయి తగ్గిందని దీన్ని చూసి ఎవరనగలరు?

7. ప్రకటనలోనే సగం పని పూర్తిచేయండి.

పేరు తేలాక "ఈ నెల ఫలానా పుస్తకం, అందరూ చదవండి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద అది గంటలో కనబడకుండా పోతుంది. సందేశాన్ని వివరంగా రాసి గ్రూపులో పైన పిన్ చేయండి. 'విముక్త' ఎంచుకున్నారనుకుందాం. అందులోవి సీత చుట్టూ అల్లిన కథలు, రామాయణం తెలియనివారు ఉండరు కాబట్టి ఎవరూ కొత్తగా మొదలుపెట్టినట్టుండదు, సీతని ఓల్గా చూపించిన తీరుకి ఒప్పుకోనివారూ గ్రూపులో తప్పకుండా ఉంటారు. అప్పుడు సందేశం దాదాపు ఇలా ఉండాలి: "మార్చి నెల పుస్తకం ఓల్గా 'విముక్త', అయిదు కథలు. 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇంగ్లీషులో 'ది లిబరేషన్ ఆఫ్ సీత' పేరుతో దొరుకుతుంది. కాలనీలో నాలుగు కాపీలున్నాయి, ఒక్కొక్కరి దగ్గర వారం, వరస కింద రాశాం. వారానికొక కథ, ఆఖరి వారం రెండు. ప్రతి బుధవారం రాత్రి ఒక కథలో కొంత భాగం కాల్‌లో పైకి చదువుతాం, పుస్తకం ఇంకా చేరనివారు అందులోకి రండి. చర్చ ఆఖరి ఆదివారం ఉదయం 10 గంటలకు. సెకండ్ షిఫ్టు వాళ్లు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాలి గనుక ఉదయమే పెట్టాం. మూడు కథలే చదివినవారు కూడా రావచ్చు, మొదటి అరగంట ఆ మూడింటి గురించే మాట్లాడతాం."